తాత బిళ్ళ మీద నంబరుంది, పేరు లేదు

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఆదివారం సంచికలో జంషెడ్‌పూర్ మీద వేసిన వ్యాసం చదివాను. మాకు ఇక్కడ కాగితం పేపరు రాదు, ఫోన్లోనే చదువుకుంటాం, కళ్ళజోడు తీసి పెట్టి రెండుసార్లు చదివాను. ఫొటోలు బాగున్నాయి. జూబ్లీ పార్కు, డిమ్నా చెరువు, చెట్ల నీడలో రోడ్లు, అన్నీ ఉన్నవే, ఎవరూ కాదనరు. కానీ రెండు పేజీల వ్యాసంలో ఊరి జనం గురించి ఉన్నది ఒక్క వాక్యం, అన్ని రాష్ట్రాలవాళ్ళూ కలిసిమెలిసి ఉండే మినీ ఇండియా అని. ఈ మాట నేను పుట్టిన దగ్గర్నుంచీ వింటున్నాను, బడిలో ఆగస్టు పదిహేను ఉపన్యాసాల్లో మొదలుపెట్టి. ఎందుకు కలిశారు, ఎలా కలిశారు, ఇప్పుడు ఏమవుతున్నారు అన్నది మాత్రం ఎవరూ రాయరు. అందుకే ఈ ఉత్తరం. కొంచెం పెద్దదైంది, ఏమనుకోకండి.

మాది టెక్కలి వైపు. మా తాత కాలంలో మా వైపు ఊళ్ళలో కరువొస్తే మనుషులు రంగం పోయేవారు, అంటే రంగూన్. మా తాత కూడా ఓడెక్కాల్సినవాడే. కానీ వాల్తేరు నుంచి కటకం మీదుగా ఖరగ్‌పూర్ దాకా బెంగాల్ నాగపూర్ రైల్వే లైను ఉంది కదా, అదే కంపెనీ లైను ఖరగ్‌పూర్ నుంచి కాళీమాటి అనే చిన్న స్టేషను మీదుగా పోతుంది. సముద్రం దాటక్కర్లేదు, రైలెక్కితే చాలు, అక్కడ ఇనుము కరిగిస్తున్నారట, రోజుకూలీ ఇస్తారట అని ఊళ్ళో మాట వచ్చింది. ఆ కాళీమాటే 1919 నుంచి టాటానగర్. మా ఊరివాళ్ళు ఇప్పటికీ జంషెడ్‌పూర్ అనరు, ‘టాటా ఎల్లాడు’ అంటారు, దుబాయ్ వెళ్ళాడు అన్నట్టే.

‘టాటాలు కట్టిన ఊరు’ అని మీరు రాశారు. జంషెట్జీ టాటా 1904లోనే పోయారు, ఆయన ఈ ఊరిని చూడనేలేదు. మయూర్‌భంజ్ కొండల్లో ఇనుప రాయి ఉందని పి.ఎన్.బోస్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఉత్తరం రాసిందీ ఆ ఏడాదే. టాటా ఉక్కు కంపెనీ పుట్టింది 1907లో, మొదటి ఉక్కు దిమ్మ తయారైంది 1912 ఫిబ్రవరిలో. అయితే జంషెట్జీ 1902లో కొడుక్కి రాసిన ఉత్తరం ఒకటుంది, ఊరు కట్టేటప్పుడు వెడల్పాటి రోడ్లు వెయ్యి, త్వరగా పెరిగే నీడ చెట్లు నాటు, గుడికీ మసీదుకీ చర్చికీ స్థలాలు వదులు అని. ఇక్కడ ప్రతి పిల్లాడికీ ఆ ఉత్తరం కంఠతా వచ్చు. మంచి ఉత్తరమే, నేను తక్కువ చెయ్యను, ఆ రోజుల్లో కూలివాడి ఇంటిముందు చెట్టుండాలని ఆలోచించిన మిల్లు యజమాని ఎవరున్నారు చెప్పండి. కానీ గుడి, మసీదు, చర్చి అని మూడు చెప్పారు గానీ, ఇక్కడి ఆదివాసీలైన సంతాలీల జాహెర్‌థాన్ మాట అందులో లేదు. జాహెర్‌థాన్ అంటే వాళ్ళ దేవతలుండే సాల చెట్ల గుంపు, గోడలుండవు, కప్పుండదు. ఇక్కడి పేటల పేర్లు చూడండి, సాక్చీ, సోనారీ, కదమా, గోల్మురి, కాశీడీ, బేల్డీ. ఇవన్నీ ఊళ్ళు, ‘డీ’ అంటేనే ఊరు. ధల్‌భూమ్ జమీందారీ కింద సంతాలులూ హోలూ భూమిజులూ కుడ్మీలూ దున్నుకున్న ఊళ్ళు, భూసేకరణ చట్టం కింద కంపెనీకి వచ్చాయి. కాబట్టి ఖాళీ అడవిలో ఊరు కట్టారన్న కథ దగ్గరే మొదటి తప్పు. (బర్మా మైన్స్ అని ఒక పేట ఉంది చూడండి, అక్కడ బర్మా లేదు, గనీ లేదు. కొత్తగా వచ్చిన చుట్టాల్ని దాంతోనే ఏడిపిస్తాం.)

1911 జనాభా లెక్కల్లో ఇక్కడ ఆరువేలమంది కూడా లేరు. పదేళ్ళకి యాభై వేలు దాటారు. ఇంతమంది ఎక్కడినుంచి ఊడిపడ్డారు? కొలిమి దగ్గర అమెరికావాళ్ళు, జర్మన్లు, ఇంగ్లీషువాళ్ళు. ఆఫీసులో లెక్కలు రాయడానికి బెంగాలీలు. మెషీన్ల మీద పంజాబీలు. గేటు దగ్గర కాపలాకీ, నెల తిరిగేసరికి వడ్డీ వసూళ్ళకీ పఠాన్లు. మట్టి తవ్వడానికీ, రాయి మొయ్యడానికీ ఆదివాసీలూ ఛత్తీస్‌గఢీలూ, వాళ్ళల్లో ఆడవాళ్ళు బోలెడుమంది, వాళ్ళని ‘రేజా’ అనేవారు, ఇప్పటికీ కూలికెళ్ళే ఆడమనిషిని ఇక్కడ రేజా అనే అంటారు. ఒడియావాళ్ళు, బీహారీలు, తమిళులు, మేము. మా అందరికీ కలిపి ఒకే పేరు, మద్రాసీ. మీరు కలిసిమెలిసి అన్నారు కదా, మొదట్లో కలిసింది ఏమీ లేదండీ, ఎవరి భాషని బట్టి వాళ్ళ పని, ఎవరి పనిని బట్టి వాళ్ళ బంగళాయో క్వార్టరో పూరిపాకో. భారతీయుడు జనరల్ మేనేజర్ కావడానికి 1930ల చివరిదాకా ఆగాల్సి వచ్చింది.

మరి కలిసింది ఎప్పుడంటారా? నాకు తెలిసినంతలో మొదట సమ్మెల్లో. 1920లో సమ్మె, కాల్పులు. 1922లో మళ్ళీ. 1928లో నెలల తరబడి. ఆ 1928లో కార్మిక సంఘానికి సుభాష్ చంద్రబోస్ అధ్యక్షుడయ్యాడు, ఆయనకి పోటీగా నిలబడ్డ మాణెక్ హోమీ పార్శీ, తర్వాత వచ్చిన అబ్దుల్ బారీ బీహారు ముస్లిం. సంతాలీ కూలీ, తెలుగు ఖలాసీ, పంజాబీ ఫిట్టరు వీళ్ళ వెనకాల నడిచారు, నాయకుడు మన భాషవాడా అని చూసుకోలేదు. చూసుకునే తీరిక లేదు అనాలేమో. ఎనిమిది గంటల పని దినం ఇక్కడ 1912లోనే వచ్చింది, దేశంలో చట్టం రాకముందు, అది కంపెనీ గొప్పే, ఒప్పుకుంటాను. కానీ మిగతావాటిలో చాలా గేటు బయట కూర్చుని తెచ్చుకున్నవి.

రెండోది క్వార్టర్లు. ఇది నేను కళ్ళారా చూసింది కాబట్టి కొంచెం చెప్తాను. మా నాన్న పనిచేసే కార్ఖానాలో క్వార్టరు వంతు ప్రకారం వచ్చేది, నీ పక్కన ఎవరుండాలో నువ్వు ఎంచుకోలేవు. మా లైన్లో ఎనిమిది ఇళ్ళు. మాకు ఒకపక్క సర్దార్జీ చాచా, ఇంకోపక్క ఒడియా వాళ్ళు, ఆ ఇంటావిడని అమ్మ ‘బౌదీ’ అనేది, చివర్న ఒక హో ఆదివాసీ కుటుంబం, ఎదురుగా ఉర్దూ మాట్లాడే ఫిట్టరు గారు, ఆయన్ని అందరూ మిస్త్రీ చాచా అనేవాళ్ళం. పొద్దున్న ఆరుకి ‘ఏ’ షిఫ్టు సైరన్ మోగితే ఎనిమిది ఇళ్ళలోంచీ ఒకేసారి సైకిళ్ళు బయటికొచ్చేవి. ‘సి’ షిఫ్టు చేసొచ్చిన మనిషి పగలు పడుకుంటే ఆ ఇంటిముందు ఏ పిల్లాడూ గోళీలు ఆడకూడదు, ఈ చట్టం అందరికీ ఒకటే, ఆడితే ఏ అమ్మ అయినా ఏ పిల్లాడినైనా కొట్టొచ్చు. మేం బౌదీ చేతిలో తిన్న దెబ్బలే ఎక్కువ. రాత్రిళ్ళు అవతల స్లాగ్, అంటే కొలిమిలోంచి తీసిన ఎర్రటి చిట్టెం, పారబోస్తే ఆకాశం ఒక్కసారి నారింజ రంగుకి తిరిగి, గోడమీద మా నీడలు కదిలేవి, మళ్ళీ నెమ్మదిగా నల్లబడేది. కరెంటు పోయిన రాత్రి దానికోసమే ఎదురుచూసేవాళ్ళం.

సంక్రాంతికి అమ్మ అరిసెలు వండితే బౌదీ చూసి, ఇది మా అరిసా పిఠా కదా అనేది. చివరింటివాళ్ళు అర్సా అనేవారు. బియ్యప్పిండీ బెల్లమే, పేరు కూడా ఇంచుమించు అదే, కానీ ఎవరి దగ్గర ఎవరు నేర్చుకున్నారన్న దానిమీద ఏటా ఒక గొడవ, ఇప్పటికీ తేలలేదు. అదే రోజు ఇక్కడివాళ్ళకి టుసు పండగ. రంగు కాగితాలతో చిన్న గుళ్ళలా కట్టిన చౌడళ్ళు నెత్తిన పెట్టుకుని ఆడపిల్లలు పాడుకుంటూ సువర్ణరేఖ, ఖర్కయి నదులు కలిసే దోముహానీకి పోతుంటే మా చలిమంట దగ్గర కాసేపు ఆగి చలి కాచుకుని పోయేవారు. నాకు సంక్రాంతి పాట అంటే ముందు గుర్తొచ్చేది వాళ్ళ పాటే, హరిదాసుని నేను సినిమాల్లోనే చూశాను.

ఇదంతా చదివి అబ్బ ఎంత బాగుందో అనుకోకండి. 1964లో ఇక్కడ అల్లర్లు జరిగాయి. 1979 ఏప్రిల్లో శ్రీరామనవమి ఊరేగింపు దారి గురించి మొదలైన గొడవలో వందమందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది ముస్లింలు. గొడవలు వద్దని నిరాహారదీక్ష చేసిన ఉర్దూ రచయిత జకీ అన్వర్‌ని కూడా చంపేశారు. అప్పటికి నాకు పదిహేడేళ్ళు. కర్ఫ్యూ సడలించిన రెండు గంటల్లో మిస్త్రీ చాచా వాళ్ళు మంచాలూ బట్టల మూటలూ రిక్షాలో వేసుకుని వంతెన దాటి మాంగో అనే పేటకి వెళ్ళిపోయారు. క్వార్టరు తాళంచెవి మా నాన్న చేతిలో పెట్టారు. మళ్ళీ వస్తామని చెప్పలేదు, రామనీ చెప్పలేదు. ఆ తాళంచెవి రెండు నెలలు మా క్యాలెండరు మేకుకి వేలాడింది, తేదీ చూసుకోవాలన్నా దాన్ని పక్కకి జరపాల్సి వచ్చేది. తర్వాత నాన్న దాన్ని ఆఫీసులో అప్పజెప్పి వచ్చాడు, ఆ ఇంట్లోకి వేరే ఎవరో వచ్చారు. చాచా మాత్రం రోజూ అదే గేటుకి డ్యూటీకి వచ్చేవాడు, నాన్నతో కలిసి టీ తాగేవాడు. ఇంటి దగ్గర తెగినా డ్యూటీ దగ్గర తెగలేదు. చాలా ముస్లిం కుటుంబాలు అలాగే మాంగోకి వెళ్ళాయి, ఇప్పుడు అక్కడ కిక్కిరిసిన పేటలు చూస్తున్నారు కదా, అందులో ఆ ఏప్రిల్ కూడా ఉంది. మీ వ్యాసంలో మాంగో గురించి ఒకటే మాట ఉంది, ట్రాఫిక్ అని.

నేను చెప్పదలుచుకున్నది ఇదేనండీ. ఈ ఊళ్ళో రకరకాల జనాన్ని ఒకచోట ఉంచింది ఎవరి మంచితనమూ కాదు, పర్మినెంటు ఉద్యోగం. పాతికేళ్ళు సర్వీసైతే కొడుకు పేరు రాయించుకునేవాళ్ళు, తండ్రి తర్వాత కొడుకు అదే గేట్లోకి వెళ్ళేవాడు, అంటే పక్కింటివాడితో మూడు తరాలు పడి ఉండాలి, పడి ఉండాలంటే సర్దుకోవాలి. సర్దుకున్నాం. 1990ల మొదట్లో గనులతో కలిపి ఇక్కడి పెద్ద ఉక్కు కంపెనీలో డెబ్భై వేలకు పైగా మనుషులుండేవాళ్ళు, ఇరవై ఏళ్ళు తిరిగేసరికి సగానికి సగం లేరు, ఉక్కు మాత్రం అంతకు ఎన్నో రెట్లు వస్తోంది. మెషీన్లు మారాయి, మారాల్సిందే, పాత ఓపెన్ హార్త్ కొలిమి ముందు చెమట కక్కిన మనిషి ఎవడూ అది తిరిగి రావాలని కోరుకోడు. నేనూ ముందస్తు రిటైర్మెంటు స్కీములో నెలనెలా డబ్బు తీసుకుని బయటికొచ్చినవాణ్ణే, ఏడవలేదు. కానీ ఇప్పుడు పొద్దున్న గేటు దగ్గర నిలబడి చూడండి, హెల్మెట్ల రంగులే చెప్తాయి ఎంతమంది కాంట్రాక్టు వాళ్ళో. వాళ్ళకి క్వార్టరు లేదు. సొంత భాషవాళ్ళు, సొంత కులంవాళ్ళు ఎక్కడుంటే అక్కడ గది వెతుక్కుంటారు. నది అవతల ఆదిత్యపూర్‌లో చిన్న చిన్న యూనిట్లున్నాయి, వాటి ప్రాణమంతా ట్రక్కుల ఆర్డర్ల మీదే, 2019లో అమ్మకాలు పడిపోయి ఇక్కడ బ్లాక్ క్లోజర్లు, అంటే కొన్నేసి రోజులు ఫ్యాక్టరీ మూసెయ్యడాలు, పెట్టినప్పుడు అక్కడ ఎన్ని షెడ్లు దీపాలార్పేశాయో. మా పిల్లలంటారా, బెంగుళూరు, పూణే, హైదరాబాద్. మా లైన్లో పుట్టినవాళ్ళలో ఊళ్ళో మిగిలింది ఇద్దరమే, నేనూ ఆ హో కుటుంబం పెద్దబ్బాయీ.

మనవాళ్ళ సంగతి. బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఉంది, ఉత్సవాలకి ఇప్పటికీ కళకళలాడుతుంది, తెలుగు రాని తెలుగువాళ్ళు కూడా వస్తారు. నేను అక్షరాలు దిద్దింది తెలుగు మీడియంలో. ఇప్పుడు నా మనవడికి తెలుగు మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు, వాడి తెలుగు కూడా ‘తాతా, పానీ వచ్చింది, బాల్టీ పెట్టనా’ రకం. శ్రీకాకుళంలో పెళ్ళికి వెళ్తే అక్కడి పిల్లలు నవ్వుతారు. ఇక్కడ నవ్వరు, ఇక్కడ అందరి భాషా అలాగే ఉంటుంది. 2011లో జార్ఖండ్ ప్రభుత్వం బెంగాలీ, ఒడియా, సంతాలీ, హో ఇలా చాలా భాషల్ని రెండో అధికార భాషలుగా గుర్తించింది, అందులో తెలుగు లేదు. ఉండాలని నేను కొట్లాడను, సంతాలీకి దక్కడానికే ఇంత కాలం పట్టింది.

అసలు టెన్షన్ వేరే ఉంది. 1932 ఖతియాన్ అని వినే ఉంటారు. ఆనాటి భూమి రికార్డుల్లో పూర్వీకుల పేరున్నవాళ్ళే ఇక్కడి స్థానికులు అని 2022 నవంబరులో జార్ఖండ్ అసెంబ్లీ బిల్లు పాస్ చేసింది, గవర్నరు వెనక్కి పంపారు, 2023 డిసెంబరులో మళ్ళీ పాస్ చేశారు. ఆ డిమాండు వెనకున్న బాధ నాకు తెలుసు, నా ఇంటి కింద ఉన్నది ఎవరి పొలమో నాకు తెలుసు కాబట్టి, మా లైన్ చివరింటివాళ్ళ తాతలు ఇక్కడే దున్నారు కాబట్టి. జార్ఖండ్ ఉద్యమ నాయకుడు నిర్మల్ మహతోని 1987లో బిష్టుపూర్ నడిబొడ్డున చంపినప్పుడు ఆ కుటుంబంతో పాటు నేనూ వెళ్ళాను ఊరేగింపులో. కానీ మా తాత 1932కి ముందే ఇక్కడికొచ్చాడు, ఆయన పేరున భూమి లేదు, ఎందుకు లేదంటే కూలివాడు కాబట్టి, ఉన్నది కంపెనీ ఇల్లు కాబట్టి. భూమి లేనివాళ్ళని గ్రామసభ గుర్తించవచ్చు అని బిల్లులో రాశారు. కదమాకి గ్రామసభ ఎక్కడుందండీ? గ్రామసభ దాకా ఎందుకు, ప్రభుత్వం కంపెనీకి లీజుకిచ్చిన ప్రాంతంలో పుట్టి పెరిగిన నేను ఇన్నేళ్ళలో ఎంపీకి వేశాను, ఎమ్మెల్యేకి వేశాను, వార్డు మెంబరుకి ఒక్కసారి ఓటు వెయ్యలేదు. నీళ్ళు, రోడ్డు, చెత్త, అన్నీ కంపెనీవే. బాగానే చూస్తారు, కొళాయి నీళ్ళు పట్టుకుని తాగొచ్చు, కాదనను. ఇక లీజు బయట వదిలేసిన 86 బస్తీలవాళ్ళు ఇంటి హక్కు కోసం ప్రతి ఎన్నికలకీ అదే హామీ వింటున్నారు.

మా తమ్ముడి కొడుకు సంగతి చెప్పి ఆపేస్తాను. కుల సర్టిఫికెట్టు కావాలి. ఇక్కడి ఆఫీసుకి వెళ్తే మీ మూలం ఆంధ్ర, అక్కడికెళ్ళి తెచ్చుకోండి, లేదా 1950కి ముందు నుంచీ ఇక్కడున్నట్టు కాగితం చూపించండి అన్నారు. కుర్రాడు రైలెక్కి మా మండలానికి వెళ్ళాడు. అక్కడి ఆఫీసులో ఆధార్ జార్ఖండ్‌ది, రేషన్ కార్డు లేదు, ఇల్లు లేదు, మీకు ఇక్కడ ఏముందని ఇవ్వాలి అన్నారు. వాళ్ళ తప్పూ కాదు, రూలు అలాగే ఉంది, వలసపోయినవాడి కులానికి మూల రాష్ట్రంలోనే చెల్లుబాటు. కానీ మూల రాష్ట్రమే మూడు తరాల క్రితం పోయినవాణ్ణి గుర్తుపట్టనంటే వాడు ఎక్కడికి పోవాలి? తిరిగొచ్చి ఇల్లంతా వెతికితే 1950కి ముందుది ఒక్కటే దొరికింది, మా తాత గేట్లోకి వెళ్ళేటప్పుడు చూపించే ఇత్తడి బిళ్ళ. అణా కాసు కంటే కొంచెం పెద్దది, పైన చిల్లు, అంచులు అరిగిపోయి వేలికి నున్నగా తగులుతుంది. వాడు దాన్ని రుమాల్లో చుట్టుకుని తీసుకెళ్ళి టేబుల్ మీద పెట్టాడు. గుమాస్తా అటూ ఇటూ తిప్పి చూసి, బానే ఉంది, నంబరుంది, పేరేదీ అన్నాడు.

కాబట్టి ఈసారి మీ విలేకరి వచ్చినప్పుడు పార్కు దగ్గర కాకుండా మధ్యాహ్నం రెండింటికి, ‘ఏ’ షిఫ్టు దిగి ‘బి’ షిఫ్టు ఎక్కేవేళ, ఏదో ఒక గేటు దగ్గర నిలబడమనండి. భోజనం మా ఇంట్లో. అలాగే మన రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు గల్ఫ్ వాళ్ళ గురించీ అమెరికావాళ్ళ గురించీ మాట్లాడినంతలో పదోవంతు టాటానగర్, ఖరగ్‌పూర్ లాంటి చోట్ల మూడు తరాలుగా ఉన్నవాళ్ళ సర్టిఫికెట్ల గురించి మాట్లాడాయేమో మీ పాత సంచికలు తిరగేసి చూడండి, ఉంటే నాకు పంపండి, కుర్రాడికి చూపిస్తాను.

ఉత్తరం వేస్తే నా పేరు మాత్రం వేయకండి. వాడింకా ఆ రెండు ఆఫీసుల చుట్టూ తిరగాలి.

ఇట్లు,
మీ పాఠకుడు,
కదమా, జంషెడ్‌పూర్